నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న రైతుకు మేత, దాణా: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు మూడు గేదెలు, ఒక ఒంగోలు ఆవు, లేదా పాతిక ముప్పై గొర్రెలు ఉన్న ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. పాల ఉత్పత్తికి అయ్యే ఖర్చులో 60 నుంచి 70 శాతం మేత, దాణాలకే పోతుంది. పాలు తగ్గగానే చాలామంది చేయి ముందు దాణా బస్తా మీదకు వెళ్తుంది. నా దృష్టిలో అది తలకిందుల లెక్క. ముందు గడ్డి, తర్వాత పచ్చిమేత, ఆ తర్వాతే బస్తా.

ఒక గేదెకు ఏడాదికి ఎంత ఎండుగడ్డి కావాలి? ఎప్పుడు కొనాలి?

పెద్ద గేదెకు రోజుకు 6 కిలోల వరిగడ్డి అనుకుంటే ఏడాదికి సుమారు 2,200 కిలోలు. ఒక ఎకరం వరి కోస్తే వచ్చే గడ్డి కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది. అంటే గేదెకు ఎకరం గడ్డి. పచ్చిమేత సరిగా ఉంటే ఇందులో మూడో వంతు మిగులుతుంది. తొక్కుడులో, వానలో పోయేదాన్ని కూడా కలుపుకుంటే ఆ మిగులును లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

ఎప్పుడు కొనాలన్నదే అసలు ప్రశ్న. నెల్లూరు డెల్టాలో రబీ వరి మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకు వస్తుంది. అప్పుడు గడ్డి పొలంలోనే పడి ఉంటుంది, అడిగేవాళ్ళు తక్కువ. ఎడగారు (రబీ తర్వాత వేసే రెండో వరి) పంట వేసిన ఏడాది ఆగస్టు, సెప్టెంబరులో మరికొంత దొరుకుతుంది. కానీ ఎడగారు ప్రతి ఏడూ, ప్రతి కాలువ కిందా ఉండదు. సోమశిల, కండలేరు జలాశయాల్లో నీళ్ళను బట్టి ఉంటుంది. దర్శి వైపు సాగర్ కుడి కాలువ కింద ఖరీఫ్ వరి కోతలు సంవత్సరం చివరిలో మొదలవుతాయి. కాబట్టి ఉదయగిరి, వింజమూరు, కనిగిరి, పొదిలి వంటి మెట్ట ప్రాంతాల రైతులు డెల్టా గడ్డిని మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ట్రాక్టరుకు ఎత్తించుకోవాలి. ఆగస్టు వరకు ఆగితే గడ్డి ధరకు రవాణా ఖర్చు తోడై, మెట్టకు చేరేసరికి ఆ పాడి మీద మిగిలేది కనిపించదు. నలుగురైదుగురు కలిసి ఒకే లారీకి గడ్డి తెప్పించుకుంటే రవాణా భారం బాగా తగ్గుతుంది.

అప్పు చేసైనా మార్చిలో గడ్డి కొనమని చెబుతాను. ఆగస్టులో దాణా కోసం చేసే అప్పు కంటే అది చిన్నది.

మిషను కోసిన గడ్డి పశువులు సరిగా తినవంటారు. నిజమేనా?

కొంతవరకు నిజం. కోత మిషను కింద గడ్డి నలిగి, ముక్కలై, మట్టి పట్టి ఉంటుంది. వామి వేయడానికి కూడా పొడుగు గడ్డిలా అనువుగా ఉండదు. అయినా తగలబెట్టడం కంటే బేలర్‌తో కట్టలు కట్టించుకోవడం ఎంతో మేలు. కట్టలు తక్కువ చోటు తీసుకుంటాయి, లెక్కపెట్టుకోవడం సులభం, బండికి ఎత్తడం సులభం. ఒక్క జాగ్రత్త ఉంది. మంచు తడి ఆరకుండా కట్టిస్తే కట్ట నడుమ వేడెక్కి బూజు పడుతుంది. పొద్దెక్కాక, గడ్డి చేతికి గలగలలాడుతున్నప్పుడే కట్టించండి. దించాక రెండు మూడు కట్టలు విప్పి నడుమ చేయి పెట్టి చూడండి.

గడ్డి మండుతున్న పొలాలను చూస్తే నాకు కడుపు రగులుతుంది. అక్కడికి యాభై అరవై కిలోమీటర్ల దూరంలో పశువులు ఖాళీ గాడి నాకుతూ ఉంటాయి.

తుపాను వానకు వామి తడిసింది. ఆ గడ్డి వేయవచ్చా?

మన రెండు జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. వామికి పరీక్ష అప్పుడే. పైపొర మాత్రమే తడిస్తే దాన్ని తీసి ఎండబెట్టి వాడుకోవచ్చు. నల్లబడి, ముక్కిన వాసన వస్తూ, దులిపితే పొగలా దుమ్ము లేచే గడ్డిని మాత్రం వేయకండి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెల్లో తోక చివర, చెవి అంచులు, గిట్టల పైభాగం ఎండి నల్లబడి కుళ్ళిపోయే జబ్బు వస్తుంది. పశువైద్యులు దీన్ని డెగ్నాల అంటారు. మొదట కనిపించేది కాళ్ళ వాపు, కుంటడం. అది కనిపించిన రోజే ఆ గడ్డి ఆపేసి వైద్యుణ్ణి పిలవండి. ఆలస్యమైతే తోక ఊడిపోయిన గేదెను చూడాల్సి వస్తుంది.

వామి ఎత్తయిన చోట, అడుగున కట్టెలో రాళ్ళో పరిచి వేసుకోవాలి. పైన కప్పే పట్టా ఖర్చు ఒక్క వానతో తిరిగి వస్తుంది.

యూరియా కలిపిన గడ్డి ప్రమాదం కాదా?

పద్ధతిగా చేస్తే కాదు. పద్ధతి తప్పితే ప్రాణం తీస్తుంది. రెండూ నిజమే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే ఉంటాయి. పైగా ఇసుక స్వభావమున్న సిలికా ఎక్కువ. కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ. యూరియాతో మాగబెడితే మాంసకృత్తులు 7, 8 శాతం దాకా పెరుగుతాయి, గడ్డి మెత్తబడుతుంది, పశువు ఎక్కువ తింటుంది.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళు. యూరియా గింజ కనిపించకుండా పూర్తిగా కరగాలి. నేల మీద పట్టా పరిచి, గడ్డిని జానెడు మందాన పొరగా వేసి, యూరియా నీళ్ళను పూలకుండీలకు పోసే క్యానుతో సమంగా చల్లి, కాళ్ళతో తొక్కాలి. దానిపై మరో పొర. ఇలా వేసుకుంటూ పోయి గాలి చొరబడకుండా పట్టా కప్పి, అంచుల మీద మట్టి వేయాలి. 21 రోజులు తెరవకూడదు. తెరిచాక గడ్డి గోధుమ పసుపు రంగులో, ఘాటైన వాసనతో ఉంటుంది. ఆ రోజుకు కావలసినంత మాత్రమే తీసి, గంట సేపు గాలికి ఆరబెట్టి వేయాలి. మొదటి రోజు కిలోతో మొదలుపెట్టి వారంలో పూర్తి మేతకు తేవాలి.

ఆరు నెలల లోపు దూడలకు పెట్టకండి. యూరియాను కుడితిలోనో దాణాలోనో నేరుగా కలపకండి. కలిపిన తొట్టి, మిగిలిన నీళ్ళు పశువుకు అందేచోట ఉంచకండి. యూరియా నీళ్ళు తాగిన పశువు గంటల్లోనే చనిపోతుంది. ఇంట్లో ఈ పని ఒక్కరే, మొదటి నుంచి చివరి దాకా చూసుకుంటే మంచిది. ఒకరు కలిపి వెళ్ళి మరొకరు తొట్టి కడగకుండా వదిలేయడం వల్లే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి.

పాడి గేదెకు రోజుకు ఎంత దాణా పెట్టాలి?

ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర. దానిపైన గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు కిలో, ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు కిలో. 6 లీటర్లిచ్చే గేదెకు సుమారు నాలుగున్నర కిలోలు అవుతుంది. రోజూ 25 కిలోలకు తగ్గకుండా మంచి పచ్చిమేత వేస్తుంటే ఒంటి పోషణకు చెప్పిన దాణా మానుకోవచ్చు. ఆ ఒక్క కిలోన్నరను నెలకు లెక్క కట్టి చూడండి, పచ్చిమేత విలువ అర్థమవుతుంది. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు వేరుగా ఇవ్వాలి. వరిగడ్డిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు సున్నాన్ని (కాల్షియాన్ని) ఒంటికి పట్టనివ్వవు కాబట్టి గడ్డి మీదే బతికే మన గేదెలకు ఖనిజ లవణాలు తప్పనిసరి.

దాణా పెంచాను. వెన్న శాతం తగ్గింది. పాల కేంద్రంలో మోసమా?

కొలత మీద అనుమానం ఉంటే మీ ఎదుటే మళ్ళీ పరీక్షించమని అడగండి, అది మీ హక్కు. కానీ చాలాసార్లు కారణం గాడిలోనే ఉంటుంది. పాలలో వెన్నకు మూలం పీచు మేత. గడ్డి తగ్గించి దాణా పెంచితే పాలు కొద్దిగా పెరిగి వెన్న పడిపోతుంది. మొత్తం మేతలో, తేమ తీసేసిన లెక్కన, మూడింట రెండు వంతులు గడ్డి, పచ్చిమేత ఉండాలి. దాణా మూడో వంతు మించకూడదు. పాలు పూర్తిగా పిండకపోయినా వెన్న తగ్గుతుంది, ఎందుకంటే చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చా?

సరుకు దగ్గరలో దొరికితే తప్పకుండా కలుపుకోవచ్చు. 100 కిలోలకు ఒక కొలత: మొక్కజొన్న లేదా జొన్న రవ్వ 35 కిలోలు, నూనె తీసిన తవుడు 20, వేరుశనగ చెక్క 20, పత్తిగింజల చెక్క 12, శనగ లేదా కంది పొట్టు 10, ఖనిజ లవణాలు 2, ఉప్పు 1. మాంసకృత్తులు 18 శాతం దరిదాపుల్లో వస్తాయి. ప్రకాశం జిల్లాలో శనగ విస్తారంగా పండుతుంది, పొట్టు పంటకాలంలో చవక. నెల్లూరులో బియ్యం మిల్లులున్నాయి కాబట్టి తవుడుకు కొదవ లేదు. ఈ దాణాలో ఖనిజ లవణాలు, ఉప్పు కలిసే ఉన్నాయి. 3 కిలోలకు పైగా పెడుతుంటే విడిగా మళ్ళీ ఇవ్వనక్కర లేదు.

మిల్లు నుంచి నేరుగా తెచ్చిన పచ్చి తవుడు వారం పది రోజుల్లోనే ముక్కిపోతుంది, ఎక్కువ నిల్వ చేయకండి. తవుడులో ఊక కలిసిందో లేదో చూడాలంటే గుప్పెడు తవుడు గ్లాసు నీళ్ళలో వేసి కలపండి. ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుగుకు చేరుతుంది. వేరుశనగ చెక్క విరిచి చూడండి. లోపల పచ్చని, నల్లని మచ్చలు ఉన్నా, ముక్కిన వాసన వచ్చినా ధర ఎంత తగ్గించినా వద్దు. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకి కూడా దిగుతుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

కొన్న దాణా బస్తా అయితే మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలు, తయారైన తేదీ ముద్రించి ఉన్నాయో లేదో చూడండి. ఏమీ రాయని సంచి కొనకండి.

నాకు అరెకరమే ఉంది. పచ్చిమేతకు చోటెక్కడ?

పశువుకు 10 సెంట్లు చాలు, నీరు ఉంటే. రోజుకు 25 కిలోల చొప్పున ఏడాదికి 9 టన్నులు కావాలి. కో-4, సూపర్ నేపియర్ వంటి గడ్డి రకాలు బాగా చూసుకుంటే 10 సెంట్లలో అంత ఇస్తాయి. కో-4 కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసింది, మన నేలలకు అలవాటు పడింది. రెండు కణుపుల ముక్కలు నాటితే మొదటి కోత రెండు రెండున్నర నెలలకు, తర్వాత ప్రతి 40, 45 రోజులకు. ఒకేసారి మొత్తం కోయకుండా మడిని భాగాలు చేసుకుని వరుసగా కోస్తూ పోతే రోజూ మేత ఉంటుంది. ముదరనిస్తే కాడ కట్టెలా అవుతుంది, పశువు ఆకు లాగి కాడ వదిలేస్తుంది. చాఫ్ కట్టర్‌తో ముక్కలు చేసి వేస్తే ఆ వృథా చాలావరకు ఆగుతుంది. పెరటి కుళాయి నీళ్ళు, పశువుల కొట్టం కడిగిన నీళ్ళు ఈ మడికి మళ్ళించిన ఇళ్ళలో ఎరువు ఖర్చు కూడా తగ్గుతుంది.

నేపియర్ ఒక్కటే వేస్తే మాంసకృత్తులు చాలవు. గట్ల మీద అవిశ, మడి చివర అలసంద లేదా లూసర్న్ వేసుకోండి. డెల్టాలో వరి కోసిన తడిలో పిల్లిపెసర, జనుము చల్లే పాత అలవాటు చాలా ఊళ్ళలో పోయింది. అది తిరిగి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఖర్చు విత్తనానిదే, పశువుకు మేత, నేలకు సారం రెండూ దక్కుతాయి.

కాడముక్కల కోసం నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. ఊళ్ళో ఇప్పటికే నాటిన రైతు దగ్గర దొరికితే ఇంకా సులువు.

సుబాబుల్ ఆకు మేపవచ్చా?

ప్రకాశంలో కాగితం మిల్లుల కోసం వేసిన సుబాబుల్ తోటలు ఎన్నో ఉన్నాయి. నరికే రోజుల్లో ఆకు వృథాగా పోతుంది. మాంసకృత్తులు 20 శాతం దాటే ఆకు అది. అయితే మైమోసిన్ అనే పదార్థం ఉన్నందువల్ల పచ్చిమేతలో మూడో వంతు మించనివ్వకూడదు. ఎక్కువైతే వెంట్రుకలు ఊడతాయి, చొంగ కారుతుంది, ఎద కూడా సరిగా రాదు. గుర్రాలకు, గాడిదలకు వద్దు.

జొన్న చేలో మేసి పశువు పడిపోయింది. ఏం చేయాలి?

వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయండి, లేదా దగ్గరలోని పశువైద్యుణ్ణి పిలవండి. లేత జొన్నలో, ముఖ్యంగా వాన లేక వాడిన పైరులో, కోసిన మోళ్ళ నుంచి వచ్చిన పిలకల్లో సయనైడ్ విషం తయారవుతుంది. ఆయాసం, నోటి నురగ, వణుకు, పడిపోవడం, అన్నీ నిమిషాల్లో జరుగుతాయి. దీనికి విరుగుడు సూది మందు ఉంది, కానీ సమయానికి అందితేనే ఫలితం. ఇంటి వైద్యంతో కాలం పోగొట్టకండి.

జొన్నను పూత దశకు వచ్చాకే మేపాలి. ఎండబెట్టిన చొప్పతో భయం లేదు. వాన పడ్డాక మోళ్ళు చిగురిస్తున్న పొలాల్లోకి మందను వదలకూడదు. కాపరి పిల్లవాడికి కూడా ఈ ఒక్క సంగతి నేర్పండి.

పాతర గడ్డి (గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిమేత) చిన్న రైతుకు సాధ్యమా?

సాధ్యమే, గొయ్యి తవ్వాల్సిన పని కూడా లేదు. మొక్కజొన్న గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో గాలి లేకుండా తొక్కి మూతి కట్టేస్తే నెలన్నరకు తయారవుతుంది. గాలి మిగిలితే కుళ్ళుతుంది, మొత్తం రహస్యం తొక్కడంలోనే ఉంది. పుల్లని వాసన, పసుపు పచ్చని రంగు ఉంటే మంచిది. నల్లబడితే పారేయాలి. అయితే రెండు గేదెల ఇంట్లో రోజూ పచ్చిగా కోసి వేసే అవకాశం ఉంటే ఈ శ్రమ అక్కర లేదు. బోరు ఎండిపోయే వేసవి కోసం మాత్రం చేసుకోండి.

అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) వేయవచ్చా?

రోజుకు కిలోన్నర, రెండు కిలోలు దాణాలో కలిపి వేస్తే మేలే. మన ఎండలకు నీడ లేకపోతే మడి చచ్చిపోతుంది. నీడ, నీరు, రోజూ చూసే మనిషి ఉంటేనే మొదలుపెట్టండి.

ఒట్టిపోయిన గేదెకు దాణా దండగ కదా?

ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు బాధ కలుగుతుంది. చూడి ఏడో నెల నుంచి దూడ కడుపులో వేగంగా పెరుగుతుంది, ఈనాక ఇచ్చే పాలకు తల్లి ఒంట్లో నిల్వ అప్పుడే చేరుతుంది. ఆ రెండు మూడు నెలల్లో ఒంటి పోషణ దాణాకు తోడు మరో కిలో, కిలోన్నర ఇవ్వండి. ఈ ఖర్చు మిగిల్చుకున్న ఇంట్లో ఈనిన గేదె పాలు అందుకోదు, మళ్ళీ ఎదకు రావడం నెలల తరబడి ఆలస్యమవుతుంది. ఆలస్యమైన ప్రతి నెలా మీరు పాలు లేకుండా గడ్డి పెట్టే నెలే. దూడ విషయమూ అంతే. పుట్టిన గంట రెండు గంటల్లో జున్నుపాలు తాగించాలి, మొదటి రోజుల్లో దాని బరువులో పదో వంతు పాలు అందాలి. మాయ పడే దాకా ఆగాలన్న పట్టుదల వల్ల పోయిన దూడలు లెక్కలేనన్ని.

గొర్రెలకు విడిగా దాణా అవసరమా? అవి తిరిగి మేసేవే కదా?

నెల్లూరు గొర్రె పొడుగు కాళ్ళతో దూరాలు నడిచి మేసే జాతి. అందులో జోడిపి రకమైనా, పల్ల అయినా, దొర అయినా అంతే. ఏడాది పొడవునా దాణా అక్కర లేదు. పొట్టేలు కట్టడానికి రెండు మూడు వారాల ముందు నుంచి, ఈనే ముందు నెల, పాలిచ్చే తొలి నెలల్లో తల్లికి రోజుకు పావు కిలో దాణా ఇస్తే పిల్లలు బరువుగా పుడతాయి, బతుకుతాయి. వేసవిలో తుమ్మకాయలు, సర్కారు తుమ్మ కాయలు మంచి మేత. వేరుశనగ కట్టె దొరికితే ముందు గొర్రెలకే దాచండి, గేదెలు వరిగడ్డితో సర్దుకుంటాయి.

తొలకరి పచ్చిక మీదకు ఆకలి మందను ఒక్కసారిగా తోలకండి. చిటుకు రోగం ఆ రోజుల్లోనే వస్తుంది, నిన్న దుముకిన పిల్ల తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. వానలకు ముందే టీకా వేయించి, పొద్దున్నే కాస్త ఎండుమేత వేశాక పచ్చిక మీదకు వదలండి. మందు కొట్టిన పత్తి, మిరప చేల గట్లు మేపేముందు ఆ రైతును అడిగి తెలుసుకోండి.

పెళ్ళిలో మిగిలిన అన్నం పెట్టవచ్చా?

వద్దు. బుట్టెడు అన్నం ఒక్కసారి తిన్న గేదె కడుపులో ఆమ్లం పెరిగి, రెండు రోజుల్లో చనిపోవచ్చు. నెమరు ఆగి, పొట్ట బిగిసి, పశువు నిలబడలేకపోతే వైద్యుణ్ణి పిలవండి.

వేసవిలో మేత తినడం లేదు.

ఎండ ఎక్కకముందు, పొద్దుగూకాక, రాత్రి వేయండి. నీళ్ళు రోజుకు 80 నుంచి 100 లీటర్లు, నీడలో, ఎప్పుడూ అందేలా ఉంచాలి. నీళ్ళు తక్కువైతే మేత తగ్గుతుంది, మేత తగ్గితే పాలు తగ్గుతాయి.

రాయితీ దాణా, విత్తనాలు ఎవరిని అడగాలి?

రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి. ఏ పథకం ఎప్పుడు తెరుచుకుంటుందో ఏటా మారుతుంది కాబట్టి వేసవి మొదట్లోనే మీ పేరు, పశువుల సంఖ్య రాయించి పెట్టుకోండి. ఉపాధి హామీ కింద మీ పొలంలో పశుగ్రాసం పెంపకానికి అవకాశం ఉందేమో ఉపాధి సిబ్బందిని అడగండి.

వాన లేదు, మేత లేదు. ఏ పశువును అమ్మాలి?

మార్కాపురం, కనిగిరి వైపు రైతులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అందరూ సంతకు తోలే రోజున మీరూ తోలితే బేరగాడు చెప్పిందే ధర. ఆగస్టు నాటికి వామి కొలిచి చూడండి. వచ్చే పంట గడ్డి చేతికొచ్చే దాకా ఎన్ని రోజులుందో లెక్క వేసి, ఎన్ని పశువులకు సరిపోతుందో తేల్చుకోండి. ముందు అమ్మాల్సింది పదే పదే సూది వేయించినా చూలు కట్టని పశువును, తర్వాత ఈతల వయసు దాటినదాన్ని, మందలో అదనపు పొట్టేళ్ళను. చూడి పడ్డను, రెండో ఈత గేదెను ఆఖరి దాకా నిలుపుకోండి. పాలు ఎక్కువిస్తున్నా కట్టని గేదె మీద మమకారం ఉంటుంది, తెలుసు. అయినా పాలు ఉన్నప్పుడే దానికి ధర వస్తుంది. అమ్మిన డబ్బు చేతిలో కరిగిపోకముందే దానిలో సగంతో మిగిలిన వాటికి గడ్డి కొని వామి వేయండి.